హోడీ అంటే... కరీబు!

పటంలో లేని బస్తీలు పటంలోకి ఎలా వచ్చాయి? వానొస్తే మునిగిపోయే నగరం తన కాలవల్ని తానే ఎలా కొలుచుకుంది? లక్షలు పోసి కొనాల్సిన సాఫ్ట్‌వేర్ పైసా ఖర్చు లేకుండా కాలేజీ పిల్లల చేతికి ఎలా అందింది? తూర్పు ఆఫ్రికాలోని దారస్సలామ్‌లో మొదలై జాంజిబార్ దాకా సాగే ఈ కథలో హీరో ఒక్కరు కాదు... ముక్కూమొహం తెలియని వేలమంది. వాళ్లంతా ఒకప్పుడు కొత్తవాళ్లే!

టాంజానియాలో ఎవరింటికైనా వెళ్తే తలుపు తట్టడం కన్నా ముందు ఓ పని చేయాలి. గుమ్మం బయట నిలబడి 'హోడీ' అని గట్టిగా పిలవాలి. 'లోపలికి రావచ్చా' అని దానర్థం. లోపలి నుంచి 'కరీబు' అన్న మాట వినిపిస్తే నిశ్చింతగా అడుగుపెట్టొచ్చు. స్వాహిలీ భాషలో కరీబు అంటే స్వాగతం. 'దగ్గర' అని మరో అర్థం కూడా ఉంది. అంటే వచ్చినవాళ్లను స్వాగతించడమంటే దగ్గరికి రమ్మనడమే!

హిందూ మహాసముద్రం ఒడ్డున ఉన్న దారస్సలామ్ ఆ దేశంలో అతిపెద్ద నగరం. పేరు అరబ్బీది. 'శాంతి నిలయం' అని అర్థం. 1860లలో జాంజిబార్ సుల్తాన్ మజీద్ ఇక్కడ రేవు కట్టించకముందు ఇదో చిన్న పల్లె. ఆ తరవాత జర్మన్లు వచ్చారు, బ్రిటిష్‌వాళ్లు వచ్చారు. దేశానికి అధికారిక రాజధాని ఇప్పుడు దొదొమా అయినా వ్యాపారానికీ సందడికీ రాజధాని మాత్రం దారస్సలామే.

మనవాళ్లెవరైనా ఆ వీధుల్లో నడిస్తే పరాయి దేశంలో ఉన్నట్టే అనిపించదు. అక్కడ ఛాయ్ అంటే ఛాయే, చపాతీ అంటే చపాతీయే. దుకాణాన్ని 'దుకా' అంటారు. బీమాను 'బిమా' అంటారు. ఇక ఆటోరిక్షాను ఏమంటారో తెలుసా... 'బజాజీ'! మన దేశం నుంచి వెళ్లిన బండి పేరే అక్కడ ఆటోకు మారుపేరైపోయింది. కిక్కిరిసిన డాలాడాలా మినీబస్సులు, వాటి మధ్యలోంచి దూసుకుపోయే బోడాబోడా మోటారుసైకిళ్లు, రేవు దగ్గర పొద్దున్నే చేపల వేలంపాటలు... చూడ్డానికి రెండు కళ్లూ చాలవు.

కానీ ఈ నగరానికి మరో ముఖం ఉంది. 2012 జనాభా లెక్కల్లో ఇక్కడున్నది సుమారు 43 లక్షలమంది. 2022 నాటికి ఆ సంఖ్య 53 లక్షలు దాటింది. పదేళ్లలో పది లక్షలమంది పెరిగితే ఇళ్లు ఎక్కడ కడతారు? జాగా దొరికిన చోటల్లా కడతారు. కాలవ గట్టున, వాగు పక్కన, పల్లంలో. ప్రణాళికలు గీసే అధికారి వచ్చేలోగా బస్తీ వెలుస్తుంది. అతను గీసిన పటం బయటికి వచ్చేలోగా బస్తీ రెట్టింపవుతుంది. అలా నగరంలో చాలామంది నివసించే ప్రాంతాలు పటంలో తెల్ల కాగితంలా మిగిలిపోయాయి.

'ఎడారి' మునిగింది!

నగరం నడిబొడ్డున మ్సింబాజి నది ప్రవహిస్తుంది. దాని ఒడ్డున జంగ్వానీ అనే ప్రాంతం ఉంది. స్వాహిలీలో జంగ్వా అంటే ఎడారి. ఎడారి పేరు పెట్టుకున్న ఆ చోటే వానాకాలంలో చెరువవుతుంది! 2011 డిసెంబరులో కురిసిన వానకు నది పొంగి లోయలోని ఇళ్లన్నీ నీట మునిగాయి. నగరం అర్ధశతాబ్దంలో ఎన్నడూ చూడనంత వాన అది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. లోయలో ఉన్న చాలా కుటుంబాలను ఊరికి దూరంగా మబ్వెపాండే అనే చోటికి తరలించారు.

వరద వచ్చినప్పుడు సాయానికి వెళ్లేవాళ్లకు ముందుగా కావలసింది పడవ కాదు, పటం. ఏ సందు ఎటు తిరుగుతుంది? ఎక్కడ ఎన్ని ఇళ్లున్నాయి? బడి ఎక్కడుంది, ఆసుపత్రి ఎక్కడుంది? మురుగుకాలవ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోయింది? వీటికి జవాబు బస్తీలో పుట్టి పెరిగినవాళ్ల బుర్రల్లో ఉంది తప్ప కాగితం మీద లేదు.

అదే ఏడాది, ఆ వరదకు కొన్ని నెలల ముందు, టండాలే అనే బస్తీలో ఓ చిన్న ప్రయత్నం జరిగింది. నగర ప్రణాళిక చదువుకునే విద్యార్థులూ బస్తీవాసులూ కలిసి సందుసందూ తిరిగి తమ పటం తామే గీశారు. చేతిలో జీపీఎస్ పరికరం, మనసులో బోలెడంత కుతూహలం... అంతే పెట్టుబడి. గీసినదంతా 'ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్'లో పెట్టారు. ఇది 2004లో లండన్‌లో స్టీవ్ కోస్ట్ అనే యువకుడు మొదలుపెట్టిన ఉచిత ప్రపంచపటం. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా దిద్దొచ్చు.

టేపు పట్టుకుని కాలవలోకి...

టండాలే అనుభవం 2015లో నగరమంతటికీ పాకింది. 'రమానీ హురియా' అనే కార్యక్రమం మొదలైంది. స్వాహిలీలో దానర్థం 'స్వేచ్ఛా పటం'. దారస్సలామ్ విశ్వవిద్యాలయం, ఆర్ధీ విశ్వవిద్యాలయాల నుంచి వందలమంది విద్యార్థులు ఇందులో చేరారు. చాలామందికి అంతకుముందు పటాలు గీసిన అనుభవమే లేదు.

పని రెండు అంచెల్లో సాగేది. ముందు పైనుంచి తీసిన ఫొటోలు చూసి కంప్యూటర్ మీద ఇళ్లనూ దారులనూ గీసేవారు. ఉపగ్రహం చిత్రాలు చాలనిచోట డ్రోన్లు ఎగరేశారు. కానీ పైనుంచి చూస్తే కప్పులే కనిపిస్తాయి. కప్పు కింద కిరాణా కొట్టుందో ప్రసవ కేంద్రముందో తెలియదు. వీధి పేరు తెలియదు. మురుగుకాలవ లోతు అసలే తెలియదు. అందుకే రెండో అంచెలో కాళ్లకు పని చెప్పారు.

పటాన్ని కాగితం మీద అచ్చువేసుకుని విద్యార్థులు బస్తీల్లోకి వెళ్లేవారు. వెంట స్థానిక పెద్ద తప్పనిసరి. అక్కడి పాలనలో నగరం కింద వార్డు, వార్డు కింద 'మ్టా', దాని కింద 'షినా' ఉంటాయి. షినా అంటే కొద్దిపాటి ఇళ్ల గుంపు. దానికో పెద్దమనిషి. ఏ ఇల్లు ఎవరిదో, ఏ మలుపులో ఏముందో ఆయనకు కంఠతా వచ్చు. అలాంటి పెద్దలు దారి చూపిస్తుంటే పిల్లలు కాగితం మీద పెన్నుతో గుర్తులు పెట్టేవారు. టేపు పట్టుకుని కాలవల వెడల్పూ లోతూ కొలిచేవారు. 'నీళ్లు ఎంతదాకా వచ్చాయి' అని అడిగితే ఇంటివాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి చూపించేవారు. మోకాలి దాకానా, నడుము దాకానా... అదీ రాసుకునేవారు.

సాయంత్రం ఆ కాగితాలకు ఫొటో తీసి కంప్యూటర్‌కు ఇస్తే, అంచున అచ్చువేసిన గుర్తుల ఆధారంగా కాగితం ప్రపంచపటంలో తన చోటుకు తానే సరిగ్గా వెళ్లి కూర్చునేది. దాని మీద చూస్తూ వివరాలు ఎక్కించేవారు. పొద్దున కాగితం మీద గీసిన గీత రాత్రికి ప్రపంచంలో ఎవరు చూసినా కనిపించేది!

పటం తయారైంది సరే, దాంతో లెక్కలు కట్టేదెలా? అందుకు 'ఇనాసేఫ్' అనే పనిముట్టు వాడారు. నీళ్లు వచ్చే చోట్ల పటం ఒకటి, ఇళ్ల పటం మరొకటి ఇస్తే రెండింటినీ ఒకదాని మీద ఒకటి పరిచి ఎంతమంది చిక్కుకుంటారో అంచనా కడుతుంది. వాళ్లకు ఎన్ని కిలోల బియ్యం, ఎన్ని లీటర్ల తాగునీరు కావాలో కూడా చెబుతుంది. ఇది పుట్టింది ఆఫ్రికాలో కాదు. భూకంపాలూ సునామీలతో వేగే ఇండొనేషియాలో. ఆ దేశపు విపత్తు నిర్వహణ సంస్థ, ఆస్ట్రేలియా ప్రభుత్వం, ప్రపంచబ్యాంకు కలిసి దీన్ని చేయించాయి. అది పనిచేసేది 'క్యూజీఐఎస్' అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ లోపల. మరి ఆ క్యూజీఐఎస్ ఎక్కడ పుట్టింది? మంచు సీమ అలాస్కాలో!

అలాస్కాలో విత్తు

2002లో అలాస్కాలో గ్యారీ షెర్మన్ అనే ఆయనకు ఓ చిన్న అవసరం వచ్చింది. డేటాబేస్‌లో ఉన్న భౌగోళిక వివరాలను లినక్స్ కంప్యూటర్ మీద పటంగా చూడాలి. అందుకు తగిన సాఫ్ట్‌వేర్ దొరకలేదు. తానే రాయడం మొదలుపెట్టాడు. ఆ ఏడాది జులైలో బయటికి వచ్చిన మొదటి రూపం పటాన్ని చూపించడం తప్ప పెద్దగా ఏమీ చేసేది కాదు. కానీ ఆయన ఓ మంచి పని చేశాడు. రాసినదంతా దాచుకోకుండా అందరికీ తెరిచి పెట్టాడు.

ఓపెన్ సోర్స్ అంటే అదే. వంట రుచి చూపించడమే కాదు, వండే పద్ధతీ చెప్పడం. కావాలంటే మీరు ఉప్పు తగ్గించుకోవచ్చు, కారం పెంచుకోవచ్చు. మీ మార్పు బాగుంటే అసలు వంటలోనే కలుపుతారు. ఒకరి తరవాత ఒకరు చేతులు కలిపారు. 2009 జనవరిలో మొదటి పూర్తిస్థాయి వెర్షన్ వచ్చింది. ఇవాళ మున్సిపాలిటీల నుంచి విశ్వవిద్యాలయాల దాకా ఎన్నో దేశాల్లో వాడుతున్నారు.

అయితే ఓపెన్ సోర్స్‌కు ఓ గండం ఉంది. రాసేవాళ్లు అలసిపోయినా, వేరే పనిలో పడినా సాఫ్ట్‌వేర్ అనాథ అయిపోతుంది. 'గ్రాస్' కథే చూడండి. 1982లో అమెరికా సైన్యానికి చెందిన ఇలినాయ్ ప్రయోగశాలలో ఇది పుట్టింది. 1990లలో సైన్యం దాన్ని వదిలేసింది. విశ్వవిద్యాలయాలు దత్తత తీసుకోకపోతే అక్కడితో దాని కథ ముగిసేదే! జర్మనీలోని హానోవర్‌లో మార్కస్ నెటెలర్ అనే యువకుడు చుట్టూ మనుషుల్ని పోగుచేసి బాధ్యత నెత్తికెత్తుకున్నాడు. 1999 నుంచి అది పూర్తిగా స్వేచ్ఛా లైసెన్సులోకి వచ్చింది. నలభై ఏళ్లు దాటినా ఇంకా బతికే ఉంది. కొత్తవాళ్లు రాబట్టే బతికింది.

ఇలాంటి సాఫ్ట్‌వేర్లకు అండగా ఉండేందుకు 2006లో 'ఓఎస్‌జియో' అనే సంస్థ ఏర్పడింది. ఏటా ఒక్కో దేశంలో 'ఫాస్‌ఫోర్‌జీ' పేరుతో ప్రపంచ సదస్సు జరుపుతోంది.

ఊరి పేరే వెర్షన్ పేరు

క్యూజీఐఎస్‌లో ఓ ముచ్చటైన ఆచారం ఉంది. తొలిరోజుల్లో కొన్ని వెర్షన్లకు గ్రహాల చుట్టూ తిరిగే చందమామల పేర్లు పెట్టేవారు. తరవాత తరవాత ఊళ్ల పేర్లు మొదలయ్యాయి. అవి ఏవో ప్రసిద్ధ రాజధానుల పేర్లనుకునేరు... చాలావరకు రాసేవాళ్లంతా ఒక్కచోట కూడి పనిచేసుకున్న ఊళ్లవి! లిస్బన్, బ్రైటన్, వియన్నా, పీసా, లియోన్, ఎస్సెన్, లాస్ పాల్మాస్... ఈ జాబితా చదువుతుంటే రైల్వే టైంటేబుల్ చదువుతున్నట్టే ఉంటుంది. 2014లో వచ్చిన 2.4 వెర్షన్‌కు అలాస్కాలోని చిన్న ఊరు చుగియాక్ పేరు పెట్టారు. పుట్టిన గడ్డ రుణం తీర్చుకున్నారన్నమాట. 2020లో వచ్చిన 3.14కు మాత్రం ఊరి పేరు లేదు. లెక్కల్లో 3.14 అంటే ఏమిటో పదో తరగతి పిల్లాడిని అడిగినా చెబుతాడు. అందుకే దాని పేరు 'పై'!

ఆ సమావేశాలు ఎలా ఉంటాయి? వేదిక, పూలదండలు, ఉపన్యాసాలు ఏవీ ఉండవు. పొడవాటి బల్లలు, వాటి మీద లాప్‌టాప్‌లు, చిందరవందరగా వైర్లు. ఇరవై ఏళ్ల నుంచి రాస్తున్నవాళ్లూ నిన్న మొన్న వచ్చినవాళ్లూ పక్కపక్కనే కూర్చుంటారు. ఆసక్తి ఉన్నవాళ్లెవరైనా రావచ్చు. తెర మీద వరసలు చూసుకుంటూ నెలల తరబడి కేవలం పేరుగా తెలిసిన మనిషి ఎదురుగా కాఫీ కప్పుతో కనిపిస్తాడు. నెలరోజులు ఉత్తరాల్లో తేలని పేచీ పది నిమిషాల్లో తేలిపోతుంది.

2018 ఆగస్టు చివర్లో ఈ ప్రపంచమంతా దారస్సలామ్‌కు తరలివచ్చింది. జూలియస్ న్యెరెరే అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో ఫాస్‌ఫోర్‌జీ సదస్సు జరిగింది. 2008లో కేప్‌టౌన్ తరవాత ఆఫ్రికాలో జరగడం అదే. ఆ ఏటి నినాదం... 'ఎవరినీ వెనక వదిలేయొద్దు'. ఛార్జీలు పెట్టుకోలేనివాళ్లకు ప్రయాణ ఖర్చులు ఇచ్చే ఏర్పాటు చేశారు. అంతకుముందు మూడేళ్ల నుంచి కాలవలు కొలిచిన నగరంలోనే, ఆ కొలతలకు వాడిన సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు వచ్చి దిగారు. రాసేవాళ్లకూ వాడేవాళ్లకూ మధ్య సముద్రాలు ఉన్నాయన్న సంగతి అక్కడ ఎవరికీ గుర్తులేదు.

గుమ్మం దగ్గర ఎవరున్నారు?

ఇంతకీ ఇందులో చేరడమెలా? 'మాకు ప్రోగ్రామింగ్ రాదు కదా' అని చాలామంది దూరంగానే ఉండిపోతారు. నిజానికి కోడ్ రాయడం ఈ ఇంట్లో ఒక గది మాత్రమే. సాఫ్ట్‌వేర్ వాడుతున్నప్పుడు ఎక్కడో ఆగిపోయిందనుకోండి. ఏం చేస్తుంటే ఆగింది, ఏ మీట నొక్కాక ఆగింది, మళ్లీ చేస్తే మళ్లీ ఆగిందా... ఈ మూడు సంగతులు వరసగా రాసి పంపినా అది సేవే. వాడే పద్ధతి చెప్పే పుస్తకంలో అర్థంకాని వాక్యం ఉంటే దాన్ని సులువుగా రాయొచ్చు. మెనూలను సొంత భాషలోకి తెచ్చుకోవచ్చు. ఆ తరవాత చిన్న తప్పు దిద్దొచ్చు. దిద్దినదాన్ని అనుభవజ్ఞులు చూసి, మార్పులు చెప్పి, బాగుంటే అసలులో కలుపుతారు. అలా నాలుగైదుసార్లు జరిగాక కొత్తవాడు పాతవాడవుతాడు. కొన్నేళ్లు నమ్మకంగా పనిచేస్తే, వేరేవాళ్లు పంపినవాటిని కలిపే హక్కు కూడా ఇస్తారు. డిగ్రీ ఏదని ఎవరూ అడగరు.

చెప్పడానికి బాగానే ఉంది. కానీ అసలు చిక్కంతా మొదటి మెట్టు దగ్గరే. తలుపు తెరిచి ఉంటే చాలదు. గుమ్మంలో ఎవరో ఒకరు నిలబడి లోపలికి రమ్మనాలి. కొత్తగా వచ్చిన అమ్మాయి ఇరవై ఇళ్లు గీసిందనుకుందాం. మూలలు వంకరగా వచ్చాయి. 'ఇదేం గీత, అంతా తప్పు' అని ఒకరు జవాబిస్తే ఆ అమ్మాయి మర్నాడు రాదు. 'ఇరవై ఇళ్లు చేర్చారు, సంతోషం. గీశాక క్యూ మీట నొక్కి చూడండి, మూలలు వాటంతటవే చక్కబడతాయి' అని ఇంకొకరు రాస్తే... మర్నాడు రెండొందల ఇళ్లు గీస్తుంది. తప్పు రెండుచోట్లా చెప్పారు. తేడా అంతా చెప్పిన తీరులోనే!

ఈ చిన్న తేడా ఎంత పెద్దదో 2010లో ప్రపంచానికి తెలిసింది. ఆ ఏడాది జనవరి 12న హైతీలో భూకంపం వచ్చింది. రాజధాని పోర్టో ప్రిన్స్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దాదాపు ఖాళీ. ఎక్కడెక్కడివాళ్లో ఇళ్లల్లో కూర్చుని ఉపగ్రహ చిత్రాలు చూసి రోజుల వ్యవధిలో వీధులన్నీ గీసిపెట్టారు. సహాయ బృందాలు ఆ పటంతోనే దారి వెతుక్కున్నాయి. ఆ అనుభవంతోనే 'హ్యుమానిటేరియన్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టీమ్' అనే సంస్థ పుట్టింది. పటాన్ని చిన్న చిన్న చదరాలుగా కోసి ఒక్కొక్కరికి ఒక్కో చదరం ఇవ్వడం ఇప్పుడు వాళ్ల పద్ధతి. ఒకరు గీస్తే మరొకరు సరిచూస్తారు. కొత్తవాళ్లు బండరాయిని ఇల్లనుకున్నా, గుండ్రటి గుడిసెను చదరంగా గీసినా ప్రమాదం లేదు. వెనకాల చూసే కన్ను ఒకటుంటుంది. తప్పు చేయడానికి భయపడనక్కర్లేని చోటే కొత్తవాళ్లు నేర్చుకుంటారు.

టాంజానియా పల్లెల్లో ఆ చదరాల విలువ మరో రకంగా తెలిసింది. 2015లో మొదలైన 'క్రౌడ్‌టుమ్యాప్ టాంజానియా' స్వచ్ఛంద సేవకులు అక్కడి మారుమూల గ్రామాలను పటంలోకి ఎక్కిస్తున్నారు. ఆచారం పేరుతో ఆడపిల్లల శరీరాలకు కత్తి పెట్టే దురాచారం అక్కడి కొన్ని ప్రాంతాల్లో ఉంది. దాన్నుంచి తప్పించుకోవాలనుకునే పిల్లను కాపాడేవాళ్లు రాత్రిపూట ఏ దారిన వెళ్లాలి? ఆ పల్లె ఏ పటంలోనూ లేకపోతే ఎలా వెళ్తారు? ఎక్కడో నగరంలో తీరిక వేళ ఓ గృహిణి గీసిన సన్నటి గీత ఆ రాత్రి దారి అవుతుంది.

లవంగాల దీవిలో...

దారస్సలామ్ రేవులో పడవ ఎక్కితే దాదాపు రెండు గంటల్లో జాంజిబార్ చేరొచ్చు. పగడపు రాళ్లతో కట్టిన ఇళ్లు, నగిషీల చెక్క తలుపులు, మనిషి పట్టేటంత సందులు, గాలిలో లవంగాల ఘాటు. ఇక్కడి స్టోన్ టౌన్ 2000లో యునెస్కో వారసత్వ సంపదల జాబితాలో చేరింది. ఆ సందుల్లో తప్పిపోని యాత్రికుడు ఉండడంటారు.

ఈ దీవులకూ పటం కథ ఉంది. విమానాలతో ఫొటోలు తీయించాలంటే తలకు మించిన ఖర్చు. అందుకని 2016 నుంచి జాంజిబార్ ప్రభుత్వ భూముల శాఖ, స్థానిక విశ్వవిద్యాలయం విద్యార్థులతో కలిసి డ్రోన్లు ఎగరేయించింది. రెక్కలున్న తేలికపాటి డ్రోన్లు అవి. అప్పటిదాకా వాటిని ముట్టుకుని ఎరగని విద్యార్థులే నేర్చుకుని దీవులను ఫొటోలు తీశారు.

2018లో క్యూజీఐఎస్ రాసేవాళ్లు కూడా ఈ దీవిలోనే కూడారు. మరుసటేడు జూన్‌లో వచ్చిన 3.8 వెర్షన్ పేరు... జాంజిబార్! అప్పట్లో ఆ వెర్షన్ తెరిచిన ప్రతి ఒక్కరికీ ముందుగా కనిపించింది ఆ పేరే. అంతకుముందు యూరప్ ఊళ్ల పేర్లు ఎక్కువగా కనిపించే ఆ జాబితాలో ఓ ఆఫ్రికా దీవి చేరింది. పటం గీయించుకున్న ఊరు, గీసే పనిముట్టుకే పేరైంది.

పటంతో వరద ఆగిందా?

లేదు. 2018 ఏప్రిల్‌లో దారస్సలామ్ మళ్లీ మునిగింది. తరవాతా మునుగుతూనే ఉంది. పటం గొడుగు కాదు. కాలవ పూడిక తీయాల్సింది మున్సిపాలిటీ. లోయలో ఇల్లు కట్టొద్దని చెప్పి, వేరే చోటు చూపించాల్సింది ప్రభుత్వం. కాకపోతే 'మాకు తెలియదు' అనే మాట ఇక చెల్లదు. కాలవ ఎక్కడ తెగిందో, అక్కడ ఎన్ని ఇళ్లున్నాయో ఎవరైనా వేలు పెట్టి చూపించొచ్చు. బస్తీ పెద్ద అధికారి దగ్గరికి ఉత్త చేతులతో కాకుండా పటంతో వెళ్లొచ్చు.

పైగా పటం జాడీలో పెట్టి మరిచిపోయే ఆవకాయ కాదు. రోజూ తోడుపెట్టాల్సిన పెరుగు. నిన్న కొలిచిన కాలవ పక్కన ఇవాళ గోడ లేస్తుంది. పాత బడి మూతపడుతుంది, కొత్త దారి పడుతుంది. సాఫ్ట్‌వేరూ అంతే. కంప్యూటర్లు మారినప్పుడల్లా మారకపోతే మూలన పడుతుంది. అందుకే కొత్తవాళ్లను పిలవడం పాతవాళ్లు చేసే ఉపకారం కాదు, వాళ్ల సొంత అవసరం. దారస్సలామ్‌లో అది జరిగింది. రమానీ హురియాలో విద్యార్థులుగా, కార్యకర్తలుగా పనిచేసిన యువతే 'ఓపెన్‌మ్యాప్ డెవలప్‌మెంట్ టాంజానియా' అనే సొంత సంస్థతో ఆ పని కొనసాగిస్తోంది. నిన్న కాగితం పట్టుకుని వెనక నడిచినవాళ్లే ఇవాళ ముందు నడుస్తున్నారు.

మన గుమ్మం ముందు

ఈ ప్రపంచంతో మన తెలుగునేలకూ చుట్టరికం ఉంది. ఓఎస్‌జియో భారత విభాగం తొలి జాతీయ సదస్సు 2012 అక్టోబరులో జరిగింది హైదరాబాద్‌లోనే. ఇక్కడి ట్రిపుల్ ఐటీలో భౌగోళిక సమాచార శాస్త్రం కోసం ప్రత్యేక పరిశోధనశాల ఉంది. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు నీళ్లు నిలిచిన రోడ్లను జనమే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా చేసిన పటం మీద గుర్తించారు. మన దేశంలో పటాల తయారీ మీద ఉన్న ఆంక్షలను కేంద్రం 2021 ఫిబ్రవరిలో చాలావరకు సడలించింది.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఊరి పేరును ఒక్కో భాషలో విడిగా రాసే వీలుంది. తెలుగుకూ ఓ గడి ఉంది. ఇంగ్లిషు స్పెల్లింగులో పడి రూపం మారిపోయిన ఊరి పేరును అసలు పలుకుబడితో రాయాలంటే ఆ ఊరివాళ్లకన్నా తగినవాళ్లెవరు? రామాలయం వీధి ఎక్కడ మొదలవుతుందో, ఊరిచెరువు అలుగు ఎటు పారుతుందో, ఏ కల్వర్టు కింద నీళ్లు ఆగిపోతాయో ఉపగ్రహానికి తెలియదు. అరుగు మీద కూర్చునే తాతయ్యకు తెలుసు. తాతయ్య చెబుతుంటే మనవరాలు గీయొచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో రోజుల తరబడి నీళ్లలో ఉన్న కాలనీలవాళ్లకు ఇలాంటి సంగతుల విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఖర్చు లేదు. కావలసింది ఓ కంప్యూటర్, ఇంటర్నెట్, సెలవురోజు ఓ గంట. మొదటి గీత వంకరే వస్తుంది. అలాస్కాలో గ్యారీ షెర్మన్ రాసిన మొదటి వెర్షనూ సాదాసీదాగానే ఉంది. టండాలేలో మొదటిరోజు కాగితం పట్టుకున్న విద్యార్థికీ చెయ్యి తిరగలేదు. ఎవరో ఒకరు చూసి దిద్దారు, మరొకరు భుజం తట్టారు. అంతే... మిగతాదంతా పటంలో ఉంది.